కోడ్ రాయకముందే బగ్ దొరికితే?

నమస్కారం అండీ. ప్రోగ్రామ్ డిజైన్‌లో తప్పులు పట్టుకోవడానికి టీఎల్ఏ ప్లస్ అనే భాష ఉంది, ఇవాళ దాని గురించే. ముందు ఒక చిన్న లెక్క చూద్దాం.

జాయింట్ అకౌంట్‌లో 1000 రూపాయలున్నాయి. భార్య ఏటీఎం దగ్గర, భర్త ఫోన్‌లో, ఇద్దరూ ఒకేసారి 800 తీస్తున్నారు. మన ప్రోగ్రామ్ ముందు బ్యాలెన్స్ చూస్తుంది, సరిపోతే 800 తగ్గిస్తుంది. విడివిడిగా ఎన్నిసార్లు టెస్ట్ చేసినా తప్పు కనిపించదు. కానీ ఆవిడకి బ్యాలెన్స్ చూసి, ఇంకా తగ్గించకముందే ఆయనకీ చూసిందనుకోండి. ఇద్దరికీ వెయ్యే కనిపిస్తుంది. ఇద్దరికీ డబ్బులు వెళ్లిపోతాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి బగ్ కోసమే నేను మూడు రాత్రులు లాగ్స్ (ప్రోగ్రామ్ ఏం చేసిందో రాసిపెట్టే రికార్డులు) ముందు కూర్చున్నాను. రన్ చేస్తే రాదు, వదిలేస్తే వస్తుంది. మా డిజైన్ బొమ్మ మాత్రం బోర్డు మీద చక్కగా ఉంది, డబ్బాలూ బాణాలూ. కానీ ‘ఇందులో తప్పు జరిగే దారి ఏదైనా ఉందా?’ అని బొమ్మని అడగలేం కదా!

డేటాబేస్‌ని డేటా అడగడానికి ఎస్‌క్యూఎల్ అనే భాష ఎలాగో, డిజైన్‌ని ఇలా నిలదీయడానికి టీఎల్ఏ ప్లస్ అలాగ. దీన్ని తయారుచేసింది కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్. పేపర్లు, పుస్తకాలు అచ్చుకి సిద్ధం చేసే లేటెక్ కూడా ఆయనదే, కంప్యూటర్ రంగంలో పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు 2013కి ఆయనకే వచ్చింది. ఇందులో మనం రాసేవి ముఖ్యంగా మూడు: సిస్టమ్ ఎక్కడ మొదలవుతుంది, ఏ అడుగులు వేయగలదు, ఏది ఎప్పటికీ జరగకూడదు. స్కూల్లో చదివిన సమితులు, కాస్త తర్కం వస్తే చాలు.

‘బ్యాలెన్స్ సున్నా కంటే తగ్గకూడదు’ అని ఒక్క లైను రాస్తే, టీఎల్‌సీ అనే టూల్ సాధ్యమైన వరసలన్నీ తిరిగి చూస్తుంది. ఆవిడకి చూసింది, ఆయనకి చూసింది, ఆవిడకి తగ్గించింది, ఆయనకి తగ్గించింది. నాలుగు అడుగులు, బ్యాలెన్స్ మైనస్ 600.

నాలుగైతే మనమూ పట్టుకుంటామేమో. అమెజాన్ వాళ్ల డేటాబేస్ సర్వీస్ డైనమోడీబీ డిజైన్‌లో డేటా పోయే ప్రమాదమున్న ఒక బగ్ ఇలాగే బయటపడింది. అది కనిపించాలంటే కనీసం 35 అడుగులు ఒక వరసలో పడాలి. డిజైన్ రివ్యూ, కోడ్ రివ్యూ, టెస్టింగ్, అన్నీ దాటేసిన బగ్ అది. 35 అడుగుల్ని ఏ మనిషి ఊహించగలడు చెప్పండి?

ఒక్క సంగతి. ఇది చూసేది డిజైన్‌నే. కోడ్‌లో వేరేలా రాస్తే ఆ తప్పు దీనికి తెలియదు. మనం ఇలా రాసినదాన్ని మోడల్ అంటారు, అది పెద్దదైతే టూల్ చూడాల్సిన పరిస్థితుల సంఖ్య కోట్లలోకి పోతుంది, అందుకే ఇద్దరు యూజర్లు, మూడు సర్వర్లతో మొదలుపెట్టండి.

టూల్ ఉచితమే. ఈ బ్యాంకు మోడల్ మీరూ రాయండి. తప్పు కనిపించాక, చూడటం, తగ్గించడం రెండూ ఒకే అడుగుగా మార్చి మళ్లీ రన్ చేయండి. ఈసారి మైనస్ రాదు.