చైనా పెళ్ళిలో టీ: మాచా కాదు మహాప్రభో!

నమస్కారం. 'చైనీస్ టీ సెరిమనీ' అనగానే వెదురు కుంచెతో ఆకుపచ్చ పొడి గిలక్కొట్టే వీడియో ఒకటి నాకు ఫార్వర్డ్ చేస్తారు. అయ్యా, అది జపాన్. అది మాచా. నేను చెప్పేది చైనా పెళ్ళిలో కొత్త జంట పెద్దలకు టీ అందించే తంతు, దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఇక 'మోడర్న్ టీ సెరిమనీ' అనే రీల్స్ సరేసరి. కప్పుల రంగు, వెనక పూల గోడ, అంతే. అసలు సంగతి టీలో ఉంటే కదా!

మన జీలకర్ర-బెల్లం తీసుకోండి. అది అనకాపల్లి బెల్లమా, ఆర్గానిక్ బెల్లమా అని ముహూర్తం వేళ ఎవరైనా అడుగుతారా? నెత్తిన పెట్టారా లేదా, అదే లెక్క. చైనా పెళ్ళిలో టీ కూడా ఆ జీలకర్ర-బెల్లమే.

(స్క్రీన్ మీద: ఎర్ర పళ్ళెం, పిడి లేని చిన్న కప్పులు)

కాస్త దగ్గరగా చూద్దాం. అబ్బాయి అమ్మానాన్నలు కుర్చీల్లో కూర్చుంటారు. ఎదురుగా నేల మీద రెండు ఎర్ర దిండ్లు. కొత్త జంట వాటి మీద మోకరిల్లి, రెండు చేతులతో కప్పు అందిస్తుంది. ఒంటి చేత్తో ఇస్తే పెద్దవాళ్ళ మొహాలు మాడిపోతాయి. చాలా ఇళ్ళలో అది తియ్యటి టీ. అందులో ఎండిన చైనా రేగుపళ్ళు, తామర గింజలు తేలుతుంటాయి. త్వరగా పిల్లలు పుట్టాలని! మన చుట్టాలు నోటితో అడిగేది వాళ్ళు గింజలతో అడుగుతారన్నమాట.

అసలు ఘట్టం ఇప్పుడు. నిన్నటిదాకా 'ఆంటీ' అని పిలిచిన మనిషిని కోడలు ఈరోజు అందరి ముందూ 'మా' అనాలి. అంటే అమ్మా అని. ఆవిడ పలకాలి, ఒక గుక్క తాగాలి, డబ్బులు పెట్టిన ఎర్ర కవరో బంగారు గాజులో చేతిలో పెట్టాలి. బెల్లం నెత్తిన పడినట్టే!

తర్వాత తాతలు, బామ్మలు, మిగతా పెద్దలు, వరస ప్రకారం. అందరినీ 'అంకుల్' అంటే కుదరదు. నాన్నకు అన్న అయితే బోబో, తమ్ముడైతే షూషు, అమ్మ తోడబుట్టినవాడైతే జ్యోజ్యో. అమెరికా అల్లుడు ఇక్కడే తడబడతాడు. పెదనాన్న, బాబాయి, మేనమామ తేడా తెలిసిన మనకు ఇందులో టెన్షన్ ఏముంది? సింగపూర్‌లో చైనీస్ ఇంటికి అల్లుడిగా వెళ్తున్న తెలుగబ్బాయిలూ, ముందురోజు రాత్రి ఈ పిలుపులు బట్టీ పట్టండి. సూట్ కొలతలు తర్వాత చూసుకోవచ్చు.

మరి ఏది మార్చొచ్చు? బెల్లం మార్చుకోండి, నెత్తిన పెట్టడం మానకండి. ఊలాంగ్ టీ పోస్తారో, చామంతి టీ పోస్తారో మీ ఇష్టం. మోకాళ్ళు నొప్పులా? నిలబడి వంగి ఇవ్వండి, చాలామంది ఇప్పుడు అలాగే చేస్తున్నారు. పాతకాలంలో కోడలు అత్తింటివాళ్ళకే టీ ఇచ్చేది. ఇప్పుడు జంట రెండు కుటుంబాలకూ ఇస్తోంది. అన్ని మార్పుల్లోకీ నాకు నచ్చింది ఇదే. నచ్చనిది మైకు. చైనాలో ఈ తంతును హోటల్ స్టేజి మీదికి ఎక్కించి, 'అమ్మా అను, ఇంకా గట్టిగా!' అని యాంకర్ అరిపిస్తుంటాడు. అక్కడ కవర్లో 10,001 యువాన్లు పెట్టే అలవాటు కూడా ఉంది. పదివేల మందిలో ఏరి తెచ్చుకున్న కోడలని అర్థం. బాగానే ఉంది, కానీ ఆ అంకెను మైకులో చదవాలా?

అయ్యో, టైమ్ అయిపోతోంది. మిగతావి గబగబా చెప్పేస్తా. అమ్మానాన్నలు విడిపోయి ఉంటే పక్కపక్కన కూర్చోబెట్టకండి, ఎవరి వంతు వాళ్ళకు ఇవ్వండి. వియత్నాం పెళ్ళి అయితే ముందు పూర్వీకుల పీఠం దగ్గర అగరొత్తులు వెలిగించాలి, టీ ఆ తర్వాతే. అక్కడ తమలపాకులు, వక్కలు లేకుండా పెళ్ళిమాటే లేదు. తాంబూలాలు పుచ్చుకునే మనకు అదేం వింత కాదనుకోండి.

మళ్ళీ చైనా పెళ్ళికి వస్తే, చివరగా తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వస్తారు. వాళ్ళు జంటకు టీ ఇస్తారు, కవర్లు జంటే ఇచ్చుకోవాలి! కాబట్టి నాలుగు కవర్లు ఎక్కువే సిద్ధం చేసుకోండి. లోపలి మొత్తంలో మాత్రం 4 అంకె రానివ్వకండి, వాళ్ళకది చావును గుర్తు చేస్తుంది.