మీ కుటుంబం ఏ స్టేజీలో ఉంది?

నమస్కారం. ఈ వీడియో చేయడానికి కారణం ఒకే ఒక్క మాట. "మాది చిన్న కుటుంబం, వాళ్ళది ఉమ్మడి కుటుంబం." చాలామంది దీన్ని బ్లడ్ గ్రూప్ చెప్పినట్టు చెబుతారు. పుట్టినప్పుడు ఏదైతే చివరిదాకా అదే అన్నట్టు. ఈ మాట వినపడితే నేను ఊరుకోలేను. ఉమ్మడి అంటే ఏమిటి, చిన్న కుటుంబం అంటే ఏమిటి అన్నది అందరం స్కూల్లో చదివిందే, దాన్ని వదిలేస్తున్నాను. ఆ పాఠంలో లేని సంగతి ఒకటుంది.

(తెరపై: బాత్రూమ్ అద్దం కింద ఒక గ్లాసు, అందులో రెండు టూత్‌బ్రష్‌లు)

ఈ గ్లాసు చూడండి. రెండు బ్రష్‌లు, కొత్త జంట. కొన్నాళ్ళకి మధ్యలో ఒక చిట్టి బ్రష్ చేరింది. కొరికి కొరికి దాని కుచ్చు మొత్తం విచ్చుకుపోయింది. తర్వాత ఇంకో చిట్టి బ్రష్. ఆ తర్వాత ఒంటరిగా మిగిలిన అమ్మమ్మ వచ్చి ఇక్కడే ఉండిపోయారు, పక్కన కట్టుడు పళ్ళ డబ్బా చేరింది. ఇంకో ఇరవై ఏళ్ళకి డబ్బా లేదు, పిల్లల బ్రష్‌లూ లేవు. మళ్ళీ రెండే. గ్లాసు అదే, ఇల్లు అదే. జంట, చిన్న కుటుంబం, మూడు తరాల కుటుంబం, మళ్ళీ జంట. మరి ఈ ఇల్లు ఏ రకం?

నా లెక్కలో కుటుంబం ఒక బస్సు. తెలుగులో స్టేజీ అంటే బస్సు ఆగే చోటు కూడా కదా, నాకు ఈ పోలిక అక్కడే దొరికింది. ఒక స్టేజీలో ఒకరు ఎక్కుతారు, ఇంకో స్టేజీలో ఒకరు దిగుతారు. ఎవరో ఒక్క స్టేజీ దగ్గర నిలబడి ఫొటో తీసి, "ఇది ఇద్దరు మనుషుల బస్సు" అని రాసుకుపోతే ఒప్పుకుంటామా? ఇంట్లో తలలు లెక్కపెట్టి కుటుంబానికి పేరు పెట్టేటప్పుడు మాత్రం ఒప్పేసుకుంటున్నాం.

ఈ స్టేజీలను వరసగా రాసిపెట్టినవాళ్ళలో బాగా పేరున్న మనిషి, కుటుంబ జీవితాన్ని అధ్యయనం చేసిన అమెరికా ఆవిడ ఎవెలిన్ డువాల్. 1957లో ఆమె ఎనిమిది దశలు చెప్పారు. అందులో నాకు ఎంతో నచ్చిన విషయం, ఆమె గడియారంగా పెట్టుకున్నది తల్లిదండ్రుల వయసును కాదు, పెద్దబిడ్డ వయసును. పెద్దబిడ్డకు రెండున్నరేళ్ళు నిండితే ఒక స్టేజీ దాటినట్టు, ఆరేళ్ళకి ఇంకోటి, పదమూడుకి ఇంకోటి, ఇరవైకి ఇంకోటి. ఎందుకంటే మొదటి జ్వరం, మొదటి స్కూలు, మొదటి ఎదురుమాట, అన్నీ ఆ బిడ్డతోనే వస్తాయి. టెన్షన్ అంతా అక్కడే. రెండోవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అమ్మానాన్నలకు ఆ దారి తెలిసిపోయి ఉంటుంది.

ఇప్పుడు ఆమె వేసిన కాలం లెక్క చూడండి. పిల్లలు పుట్టకముందు సుమారు 2 ఏళ్ళు. మొదటి బిడ్డ పుట్టినప్పటి నుంచి ఆఖరిబిడ్డ ఇల్లు వదిలేదాకా సుమారు 28. తర్వాత రిటైరయ్యేదాకా 15, ఆపైన 10 నుంచి 15. తక్కువలో తక్కువ వేసుకున్నా 55 ఏళ్ళ ప్రయాణంలో 27 ఏళ్ళు బస్సులో ఇద్దరే, చివరలో ఒక్కరే. ఈ కూడిక మొదటిసారి వేసుకున్నప్పుడు నేను చాలాసేపు ఆ కాగితం వంకే చూస్తూ కూర్చున్నాను. పిల్లల పనుల్లో పడి ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేస్తే, ఆ మిగిలిన పాతికేళ్ళు ఎలా గడవాలి?

ఇక "పూర్వం అందరూ ఉమ్మడిగా ఉండేవాళ్ళు, ఇప్పుడు ఎవరికీ పెద్దవాళ్ళు అక్కర్లేదు" అనే మాట. ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక జంటకు ముగ్గురు పిల్లలు. ముగ్గురికీ అమ్మానాన్నలంటే ప్రాణం. కానీ అమ్మానాన్నలు ఒకరి దగ్గరే ఉండగలరు. మూడు ఇళ్ళు లెక్కపెడితే రెండు చిన్న కుటుంబాలే వస్తాయి. ఇందులో ప్రేమ ఎక్కడ తగ్గింది చెప్పండి?

పీటర్ లాస్లెట్ అనే చరిత్రకారుడు ఇంగ్లండ్ పాత ఊళ్ళ జాబితాలు తిరగేస్తే, 16వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దం మొదటిదాకా ఇంటికి సగటున 4.75 మంది తేలారు. ఇంట్లో ఉండే పనివాళ్ళతో కలిపి! కాబట్టి అక్కడ ఎప్పుడూ చిన్న కుటుంబాలేనని చాలామంది అనుకున్నారు. కానీ 1972లో లుట్జ్ బెర్క్‌నర్ అనే ఇంకో చరిత్రకారుడు ఆస్ట్రియాలోని 1763 నాటి జాబితాలను ఇంటి యజమాని వయసును బట్టి విడదీసి చూశారు. కుర్ర రైతుల ఇళ్ళలో వాళ్ళ అమ్మానాన్నలు కనిపించారు, ముసలి రైతుల ఇళ్ళలో అలా కనిపించడం అరుదు. అవే బస్సులు, వేరే వేరే స్టేజీల్లో ఉన్నాయి. సగటు తీస్తే ఆ స్టేజీలన్నీ కలిసిపోయి కనపడకుండా పోతాయి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. డువాల్ పట్టికలో విడాకులు లేవు, రెండో పెళ్ళి లేదు, పిల్లలు లేని జంట లేదు. అది పెద్ద లోటే. 1980 నాటికి బెటీ కార్టర్, మోనికా మెక్‌గోల్డ్‌రిక్ అనే ఇద్దరు ఫ్యామిలీ థెరపిస్టులు విడాకులకీ మళ్ళీ పెళ్ళికీ అదనపు దశలు చేర్చారు. రెండు బస్సుల్లోవాళ్ళు ఒక బస్సులోకి మారినప్పుడు సీట్లు సర్దుకోవడానికి సమయం పడుతుంది, పిల్లలకు ఇంకా ఎక్కువ పడుతుంది. ఒక్క అమ్మో ఒక్క నాన్నో నడిపే ఇంటిని "విరిగిన కుటుంబం" అనడం దయచేసి మానేయండి. ఆ బస్సు నడుస్తూనే ఉంది.

డబ్బు సంగతి కూడా స్టేజీని బట్టే. పేదరికాన్ని అధ్యయనం చేసిన సీబోమ్ రౌన్‌ట్రీ ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో చూసి 1901లో చెప్పారు. కూలీ మనిషి జీవితంలో పేదరికం మూడుసార్లు వస్తుంది, తను పిల్లవాడిగా ఉన్నప్పుడు, తన పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు, ముసలితనంలో.

ఇక దిగిపోయినవాళ్ళు మళ్ళీ ఎక్కడం ఉంది. చదువయ్యాకో, ఉద్యోగం పోయాకో, పెళ్ళి చెదిరాకో ఇంటికి తిరిగొచ్చిన పిల్లలు. గ్లాసులో మళ్ళీ మూడో బ్రష్, ఈసారి పెద్దది. ఆ స్టేజీ గురించి వచ్చే వీడియోలో మాట్లాడుకుందాం.