తలుపు తీశాక ఏం మాట్లాడాలి?

అందరికీ నమస్కారం.

వివాహ సమానత్వం, అంటే స్వలింగ జంటలకూ పెళ్లి హక్కు ఉండాలనడం. దాని మీద ప్రసంగం అనగానే గెలిచిన దేశాల జాబితా చదువుతారని అనుకుంటారు. నేను ఒక ఓటమితో మొదలుపెడతాను. ప్రచారం చేయడం ఎలాగో ఈ ఉద్యమం నేర్చుకున్నది అక్కడే.

2008 నవంబర్ 4. ఒబామా గెలిచిన రోజు. అదే రోజు కాలిఫోర్నియా ఓటర్లు స్వలింగ జంటల పెళ్లిళ్లను ఆపేసే ‘ప్రతిపాదన 8’ను 52 శాతం ఓట్లతో నెగ్గించారు. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు మే నెలలో గుర్తించిన హక్కు ఆరు నెలలు కూడా నిలవలేదు. అప్పటికే సుమారు 18,000 జంటలు పెళ్లి చేసుకున్నాయి.

ఎందుకు ఓడిపోయారు? అవతలి పక్షం టీవీ ప్రకటన ఒకటి చెబుతాను. చిన్నపాప బడి నుంచి ఇంటికొచ్చి, అమ్మ చేతికి ఒక పుస్తకం ఇస్తుంది. రాజకుమారుణ్ని రాజకుమారుడు పెళ్లాడాడట, నేనూ రాజకుమారిని పెళ్లాడొచ్చట అంటుంది. అంతే. చూసిన తల్లిదండ్రుల గుండెల్లో రాయి పడింది. దానికి మనవాళ్ల ప్రకటనల్లో వచ్చిన జవాబేమిటి? వివక్ష తప్పు, రాజ్యాంగాన్ని మార్చకండి అని. మాటలు మంచివే. కానీ ఆ ప్రకటనల్లో స్వలింగ జంటలు కనబడలేదు. ఎవరి పెళ్లి కోసం ఓటు అడుగుతున్నారో వాళ్ల మొహం చూపిస్తే ఓట్లు పోతాయని భయపడ్డారు. పెళ్లికొడుకును దాచిపెట్టి పెళ్లిచూపులు జరిపినట్టయింది.

ఓడాక లాస్ ఏంజెలెస్‌లో డేవ్ ఫ్లైషర్ అనే ఆయన బృందం చేసిన పని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తమకు వ్యతిరేకంగా ఓటేసిన పేటలకే వెళ్లి తలుపులు తట్టారు. తిట్టడానికి కాదు, ఎందుకలా ఓటేశారో అడగడానికి. మొదట్లో వాళ్లూ వాదించారు. వాదిస్తే ఎదుటివాళ్లు ఇంకా బిగుసుకుపోయారు. మెల్లగా ఒక పద్ధతి కుదిరింది: ఎదుటి మనిషి జీవితం గురించి అడగాలి, తీర్పు చెప్పకుండా వినాలి, తర్వాత తన గురించి నిజం చెప్పాలి.

ఇక్కడొక పిట్టకథ ఉంది, దాస్తే తప్పవుతుంది. ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తుందని 2014 డిసెంబర్‌లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. తీరా చూస్తే ఆ సర్వే వివరాలు నమ్మదగ్గవి కావని బయటపడింది, 2015 మే నెలలో పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. దాన్ని బయటపెట్టినవాళ్లలో డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే పరిశోధకులు ఉన్నారు. వాళ్లే మయామీలో నిజంగా ప్రయోగం చేసి 2016లో ప్రచురించారు. ఈసారి విషయం ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల చిన్నచూపు. సుమారు పది నిమిషాల సంభాషణతో వచ్చిన మార్పు కనీసం మూడు నెలలు నిలిచింది. ఈ మార్పు నిజమైనది. అబద్ధపు అధ్యయనం మన పక్షానే ఉన్నా దాన్ని పట్టుకున్నవాళ్లను నేను మెచ్చుకుంటాను.

రెండో పాఠం మాటల గురించి. అమెరికాలో ఓటర్లను అడిగారు: మీరు పెళ్లెందుకు చేసుకున్నారు? ప్రేమ కోసం, కడదాకా తోడుంటామని మాటిచ్చుకోవడం కోసం అన్నారు. మరి స్వలింగ జంటలు ఎందుకు అడుగుతున్నారు? హక్కులకీ, ప్రయోజనాలకీ అన్నారు. అంటే వాళ్ల దృష్టిలో ఒకరిది పెళ్లి, ఇంకొకరిది దరఖాస్తు. ఆ తప్పు ఓటర్లది కాదు. పింఛను, వారసత్వం, పన్ను అంటూ ఏళ్ల తరబడి చిట్టా చదివింది ప్రచారకులే.

చిట్టా అబద్ధమని నేను అనడం లేదు. ఎడిత్ విండ్సర్, థియా స్పైయర్ నలభై ఏళ్లకు పైగా కలిసి బతికి, 2007లో టొరంటోలో పెళ్లి చేసుకున్నారు. 2009లో థియా పోయాక ఎడిత్‌కు 3,63,053 డాలర్ల వారసత్వ పన్ను పడింది. థియా మగవాడై ఉంటే సున్నా. 2013లో అమెరికా సుప్రీంకోర్టులో నెగ్గిన కేసు అది. జనానికి గుర్తుండిపోయింది అంకె కంటే ఆ నలభై ఏళ్లే. ప్రచారం ఆ క్రమాన్ని నేర్చుకుంది, ముందు మనుషులు, తర్వాత చిట్టా. 2009లో స్వలింగ జంటల పెళ్లికి కాదన్న మెయిన్ రాష్ట్ర ఓటర్లే 2012లో అవునన్నారు.

ఇక ఐర్లాండ్. స్వలింగ సంబంధాలు నేరం కావని అక్కడ చట్టం మారింది 1993లో. దాదాపు 22 ఏళ్లకు, 2015 మే 22న, ప్రజాభిప్రాయ సేకరణలో 62 శాతం మంది అవునన్నారు. దేశవ్యాప్త ఓటుతో ఈ హక్కు తెచ్చిన మొదటి దేశం అదే. 43 నియోజకవర్గాల్లో ఒక్కటే కాదంది. ప్రచారకుల బ్యాడ్జి మీద ఏముండేదో తెలుసా? నేను అవునని ఓటేస్తున్నా, ఎందుకో అడగండి అని. అడగండి అన్న ఆ ఒక్కమాటతో వాదన సంభాషణగా మారింది. ఓటుకు వారం రోజుల ముందు ఉర్సులా హాలిగన్ అనే సీనియర్ టీవీ జర్నలిస్టు, తాను లెస్బియన్‌నని పత్రికలో రాసుకున్నారు. అప్పటికి ఆమెకు 54 ఏళ్లు. విదేశాల్లో ఉన్న చాలామందికి పోస్టల్ ఓటు లేదు. పిల్లలు విమానాలు, ఓడలు ఎక్కి ఓటేయడానికి ఇంటికొచ్చారు. మనవరాలు అంత దూరం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడితే అమ్మమ్మకు ఇంక ప్రత్యేకంగా ప్రచారం చేయాలా?

పిల్లలకు అమ్మా నాన్నా ఇద్దరూ కావాలనే పోస్టర్లు అక్కడా వెలిశాయి. అయితే ఓటుకు ముందే, ఏప్రిల్‌లో, దత్తత, కుటుంబ సంబంధాల చట్టాన్ని విడిగా తెచ్చేశారు. ఓటు పిల్లల మీద కాదు, పెళ్లి మీదే అని చెప్పడం తేలికైంది. ముందుచూపంటే అది.

ఇంత చెప్పాను కదా అని, ఒకరి పెళ్లిని ఊరందరూ ఓటేసి తేల్చడం న్యాయమని నేను అనుకోవడం లేదు. 2017లో ఆస్ట్రేలియా ప్రభుత్వం పోస్టల్ సర్వే పెడతానన్నప్పుడు ఉద్యమకారులు ఆ దేశ హైకోర్టుకెళ్లి (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) ఆపమన్నారు. ఓడిపోయారు. అయినా ప్రచారంలో దిగారు. 61.6 శాతం అవునన్నారు. కానీ ఆ వారాలన్నీ తమ బతుకు పోస్టర్ల మీద చర్చకు వస్తుంటే ఉద్యోగాలకు, బడులకు వెళ్లినవాళ్ల సంగతి ఏ శాతంలోనూ కనబడదు. కాదన్న 17 నియోజకవర్గాల్లో ఎక్కువ భాగం పశ్చిమ సిడ్నీలోనివి, వలస కుటుంబాలు ఎక్కువగా ఉండేచోట్లు. ఆ ఇళ్లల్లో మాట్లాడే భాషల్లో ప్రచారం సరిగా చేరలేదేమోనని నా అనుమానం.

భాష అంటే గుర్తొచ్చింది. మన పత్రికలు ‘స్వలింగ సంపర్కులు’ అని రాస్తాయి. ఏ తల్లైనా తన కొడుకు గురించి ఆ మాట నోరు తెరిచి అనగలదా? ఆడా మగా పెళ్లి చేసుకుంటే వాళ్లను ఎవరూ భిన్నలింగ సంపర్కులు అనరు, ఆలుమగలంటారు. ఒకరికి పడకగది పేరు, ఇంకొకరికి ఇంటి పేరు. తలుపు దగ్గర నిలబడ్డప్పుడు ‘స్వలింగ జంట’ అనండి. కుదిరితే అదీ వద్దు, వాళ్ల పేర్లు చెప్పండి, ఎన్నేళ్లుగా కలిసి ఉంటున్నారో చెప్పండి.

కోర్టులున్నాయి కదా, ఈ తలుపులు తట్టే గోల ఎందుకని అడుగుతారు. తైవాన్ రాజ్యాంగ న్యాయస్థానం 2017లో స్వలింగ జంటలకు అనుకూలంగా తీర్పిచ్చింది. 2018 ప్రజాభిప్రాయ సేకరణలో జనం దానికి వ్యతిరేకంగా ఓటేశారు. చివరికి 2019లో చట్టం వచ్చింది గానీ, దాని పేరులో పెళ్లి అన్న మాటే లేదు, తీర్పు నంబరుంది. భారత సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17న, పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని, ఆ పని చట్టసభలదని చెప్పింది. చట్టసభ అంటే ఓటర్లు, ఓటర్లంటే మళ్లీ తలుపులే.

కాబట్టి పని గురించి రెండు ముక్కలు చెప్పి దిగిపోతాను. తలుపు తీయగానే కరపత్రం చేతిలో పెట్టకండి. సున్నా నుంచి పది దాకా ఈ విషయంలో మీరెక్కడ ఉన్నారని అడగండి. నాలుగంటే నాలుగే రాసుకోండి, మొహం మాడ్చుకోకండి. నాలుగెందుకో అడగండి. వాళ్లకు తెలిసిన గే మనిషో, లెస్బియనో ఎవరైనా ఉన్నారా అడగండి. చాలాసార్లు ఉంటారు, ఎప్పుడూ ఎవరితోనూ అని ఉండరు. వాళ్ల పెళ్లి సంగతి అడిగి పూర్తిగా వినండి, మధ్యలో అందుకోకండి. మీ వంతు వచ్చినప్పుడు విన్నది కాదు, మీకు జరిగింది చెప్పండి. బయల్దేరేముందు అదే ప్రశ్న మళ్లీ అడగండి. నాలుగు ఆరైతే ఆరని రాసుకోండి. నాలుగు నాలుగుగానే ఉంటే అదే రాసుకుని, థాంక్స్ చెప్పి, పక్క తలుపు దగ్గరికి నడవండి.