తేలే మంచు మీద తిండి పెట్టిందెవరు?

సభకు నమస్కారం. అనంతపురంలో, అందులోనూ ఏప్రిల్ నెలలో మంచు గురించి మాట్లాడమన్న నిర్వాహకుల ధైర్యాన్ని ముందు మెచ్చుకోవాలి. కరెంటు ఉండగానే మొదలుపెడతాను.

ఉత్తర ధ్రువం దగ్గర కాలు మోపడానికి నేల లేదు. ఉన్నదంతా సముద్రం, దాని మీద తేలే మంచు పలకలు. ఉప్పు నీరు కాబట్టి మైనస్ 1.8 డిగ్రీల దాకా చల్లబడితే గానీ గడ్డకట్టదు. గాలి ఎటు తోస్తే అటు, ప్రవాహం ఎటు లాగితే అటు ఆ పలకలు కదిలిపోతుంటాయి. అలాంటి చోట బతకాలంటే మొదట తేలాల్సింది తిండి సంగతే.

అక్కడి తిండి మంచు అడుగున పుడుతుంది. వసంతంలో ఎండ పలకల గుండా కిందికి దిగి, అడుగుభాగాన నాచు పెరుగుతుంది. దాన్ని రొయ్యల జాతి చిన్న ప్రాణులు తింటాయి, వాటిని చేపలు, చేపల్ని సీల్స్. సీల్ నీళ్లలో తిరిగే జంతువే అయినా గాలి పీల్చక తప్పదు. అందుకని రింగ్డ్ సీల్ ముందు రెక్కలకున్న గోళ్లతో మంచును గీకి గీకి, శ్వాస కోసం చేసుకున్న కన్నం మూసుకుపోకుండా చూసుకుంటుంది. ధ్రువపు ఎలుగుబంటి ఆ కన్నం పక్కనే గంటల తరబడి కదలకుండా కాపు కాస్తుంది. అది తిని వదిలేసిన దాని కోసం వెనకాలే నక్క. పిల్లలు అడుగుతారని ముందే చెబుతున్నా, పెంగ్విన్లు ఇక్కడ ఉండవు. వాటిది దక్షిణం వైపు.

ఇక మనుషులు. అమెరికా నుంచి ధ్రువం వెతుక్కుంటూ వెళ్లిన పొలారిస్ ఓడ 1872 అక్టోబరు 15 రాత్రి తుపానులో చిక్కుకుంది. మునిగిపోతామన్న భయంతో సామాన్లు మంచు మీదికి విసిరారు, కొందరు దిగారు. అంతలో ఓడ తాళ్లు తెంచుకుని చీకట్లోకి పోయింది. పలక మీద 19 మంది మిగిలారు. వాళ్లలో ఐదుగురు పిల్లలు, చిన్నది రెండు నెలల పసికందు!

పెద్దరికం ఓడ అధికారుల్లో ఒకడైన జార్జ్ టైసన్ది. కడుపు నింపింది మాత్రం ఆ మంచు ప్రాంతపు స్థానికులైన ఇన్యూట్ జాతికి చెందిన ఇద్దరు వేటగాళ్లు, జో, హాన్స్ హెండ్రిక్. మంచు దిమ్మెలు పేర్చి ఇళ్లు కట్టుకోవడమూ, సీల్ కొవ్వుతో దీపం వెలిగించి దాని మీదే మాంసం ఉడికించడమూ వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. ఓడ కూలీలేమో ఉన్న రెండు పడవల్లో ఒకదాన్ని పొయ్యిలో పెట్టేశారు. ఏప్రిల్లో పలక కరిగి ముక్కలవుతుంటే అందరూ ఆ మిగిలిన ఒక్క పడవలోనే ఇరుక్కోవాల్సి వచ్చింది. దాదాపు 2,900 కిలోమీటర్లు కొట్టుకుపోయాక, 1873 ఏప్రిల్ 30న కెనడా తూర్పు తీరంలోని లాబ్రడార్ దగ్గర టైగ్రెస్ అనే సీల్ వేట ఓడ వాళ్లను ఎక్కించుకుంది. ఒక్కరూ చనిపోలేదు. చరిత్ర పుస్తకాల్లో టైసన్ పేరు పెద్దగానూ, జో, హాన్స్‌ల పేర్లు చిన్నగానూ కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. హాన్స్ తన జ్ఞాపకాలను తన భాషలోనే రాసి పెట్టాడు, 1878లో వాటి ఇంగ్లీషు అనువాదం వచ్చింది కూడా. చదివేవాళ్లే తక్కువ.

కావాలనే మంచు మీద దిగినవాళ్లూ ఉన్నారు. 1937 మే నెలలో పాపానిన్ నాయకత్వాన నలుగురు సోవియట్ మనుషులు ఒక కుక్కతో సహా ధ్రువం దగ్గర విమానంలో దిగి, మరుసటి ఏడాది ఫిబ్రవరి దాకా గ్రీన్లాండ్ వైపు కొట్టుకుపోతూ కొలతలు తీశారు. తిండి వెంట తెచ్చుకున్నారు కాబట్టి వేట బాధ లేదు. ధ్రువం కింది నీళ్లలో జీవమే ఉండదని అప్పట్లో చాలామంది అనుకునేవారు. ఆ నలుగురిలో ఒకడైన షిర్షోవ్ వల దించితే ప్రాణమున్న సూక్ష్మజీవులు పైకొచ్చాయి.

ఇప్పుడు మంచు ముందే కరుగుతోంది. కెనడాలోని హడ్సన్ బేలో వేసవికి మంచు పోగానే ఎలుగుబంట్లు ఒడ్డుకు చేరి, మళ్లీ గడ్డకట్టేదాకా ఒంట్లోని కొవ్వు మీదే నెట్టుకొస్తాయి. ఆ పస్తుల రోజులు పెరుగుతున్నాయి. తల్లి చిక్కిపోతే పాలు తగ్గుతాయి, ముందు పోయేది పిల్లలే.

పొలారిస్ బృందం కొట్టుకుపోయిన దారి గీసిన మ్యాపు ఈ టేబుల్ మీద పెడుతున్నా. పిల్లలు ముందుకొచ్చి చూడండి, ప్రశ్నలుంటే అక్కడే అడగండి.