అక్షరం చెడని పాట

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, సంగీత కళాశాల పిల్లలకు, పాట మీద ఇష్టంతో ఇంత ఎండలో వచ్చిన మీ అందరికీ నమస్కారం.

సినిమా నేపథ్య గాయని పి. సుశీలమ్మ గురించి మాట్లాడమని పిలిచినప్పుడు నాకు కాస్త టెన్షన్‌గానే అనిపించింది. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. రాగాల గురించి చెప్పాలంటే విజయనగరంలో ఏ వీధిలోనైనా నాకంటే తెలిసినవాళ్లు దొరుకుతారు. అందుకని నాకు తెలిసిన దారిలోనే వస్తాను. అది అక్షరాల దారి.

మా అమ్మ బడికి వెళ్లలేదు. సంతకం కావాలంటే వేలిముద్రే. ఆవిడ నోట శనగలు సెనగలే, మా శంకరం మావయ్య సంకరమే. అయితే పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చుని 'శ్రీరామ నామాలు శతకోటి' అందుకునేది. 1973లో వచ్చిన 'మీనా' సినిమాలో సుశీలమ్మ పాట. అది పాడేటప్పుడు మాత్రం 'శతకోటి'లోని శకారం ఎంత చక్కగా పలికేదంటే, నాలుక వెళ్లి తాకాల్సిన చోటే తాకేది. పాట ముగిసిన మరుక్షణం "ఒరే, ఆ సెనగపిండి డబ్బా ఇలా అందుకో" అనేది.

చిన్నప్పుడు అది నాకు వింతగా ఉండేది. పంతులు పనిలోకి వచ్చాక అర్థమైంది. అమ్మకు ఎవరూ శకారం నేర్పలేదు. రేడియోలో సుశీలమ్మ ఎలా పలికారో అలాగే పట్టుకుంది, అంతే. నేను ట్రైనింగ్‌లో నేర్చుకున్న బోధనా పద్ధతులేవీ ఆ పని అంత హాయిగా చెయ్యలేకపోయాయి. మన ఇళ్లలో అక్షరం రాని ఆడవాళ్లు ఎంతమంది ఈ గొంతు వెంట పాడుకుంటూ మంచి తెలుగు పలికారో ఎవరు లెక్కపెట్టారు?

1935 నవంబరు 13న సుశీలమ్మ పుట్టింది ఈ ఊళ్లోనే. తండ్రి పులపాక ముకుందరావుగారు న్యాయవాది. 1919లో మొదలైన మన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఘంటసాలగారు చదివింది అక్కడే, సుశీలమ్మ డిప్లొమా తీసుకున్నదీ అక్కడే. కోట పక్క నుంచి నడిచి వెళ్తుంటే ఇప్పటికీ ఆ కళాశాల కిటికీల్లోంచి సరళీస్వరాలు వినిపిస్తాయి. వెనక బెంచీలో కూర్చున్న పిల్లలూ, మీతోనే చెబుతున్నాను. మీరు రోజూ ఎక్కే మెట్లవి.

తర్వాత మద్రాసు. కొత్త గొంతు కోసం వెతుకుతున్న సంగీత దర్శకుడు పెండ్యాల నాగేశ్వరరావుగారు రేడియోలో పాడే ఈ అమ్మాయిని ఎంపిక చేశారు. ఆ సినిమా 'కన్నతల్లి'. తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. గాయకుడు ఏ.ఎం. రాజాగారితో కలిసి పాడారు. ఆ తర్వాత ఏవీఎం సినీ నిర్మాణ సంస్థ ఆమెను నెలజీతం మీద పెట్టుకుంది. అంతటితో ఊరుకోలేదు, తమిళ ఉచ్చారణ నేర్పడానికి ఒక ఉపాధ్యాయుణ్ణి కూడా ఏర్పాటు చేసింది. ఆమె జీవితంలో నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. తమిళంలో మన నాలుకకు అలవాటు లేని 'ழ' అనే అక్షరం ఒకటుంది, మన ళకారం కాదది. మనకున్న ఖ, ఘ లాంటి ఒత్తక్షరాలు వాళ్లకు లేవు. విజయనగరం అమ్మాయి కూర్చుని మళ్లీ ఓనమాల దగ్గర్నుంచి మొదలుపెట్టింది. అందరూ 'గానకోకిల' అంటారు, అనుకోనివ్వండి. కోకిలకు కూత పుట్టుకతో వస్తుంది. ఈమె మాత్రం కష్టపడి నేర్చుకున్నారు.

ఆ కష్టానికి ఏం దక్కిందో చూడండి. జాతీయ సినీ పురస్కారాల్లో ఉత్తమ నేపథ్య గాయనిగా మొట్టమొదట అవార్డు అందుకున్నది సుశీలమ్మే. 1968 సంవత్సరానికి, 'ఉయర్న్ద మనిదన్' అనే తమిళ సినిమాలోని పాటకు. పరాయి భాషలో పాడి దేశంలోనే మొదటి గాయని అయ్యారు. ఆ తర్వాత ఇంకో నాలుగు జాతీయ అవార్డులు వచ్చాయి, వాటిలో మూడు తెలుగు పాటలకు. 2008లో పద్మభూషణ్. 2016లో గిన్నిస్ వాళ్లు లెక్క కట్టి, 1960ల నుంచి ఆరు భాషల్లో పాడినవి 17,695 పాటలని తేల్చారు. ఆ అంకె చదివి చప్పట్లు కొట్టేసి వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు. ఆ రోజుల్లో పాట ఎలా రికార్డు చేసేవారో కూడా తెలియాలి.

ఇప్పటిలా ఒక్కో లైను విడిగా పాడి అతికించే వీలు అప్పుడు లేదు. వయొలిన్లు, వేణువు, తబలా, పాడేవాళ్లు అందరూ ఒకేసారి. యుగళగీతమైతే ఇద్దరూ పక్కపక్కన నిలబడాలి. చివరి చరణంలో ఎవరి వేలు జారినా మళ్లీ మొదటి నుంచి అందరూ. ఎన్నో టేకు అయినా పల్లవిలో తాజాదనం తగ్గకూడదు, అక్షరం అరగకూడదు. వేల పాటలంటే అన్నిసార్లు అలా నిలబడటం.

1963లో 'లవకుశ' వచ్చింది. పి. లీలగారు, సుశీలమ్మ కలిసి ఇద్దరు మగపిల్లలకు గొంతులిచ్చారు. సంస్కృత సమాసాలు పన్నెండేళ్ల పిల్లల నోట ఎంత స్వచ్ఛంగా రావాలో అంత స్వచ్ఛంగా వచ్చాయి. లీలగారు కేరళ అమ్మాయి. తెలుగు మాతృభాష కాకపోయినా సుశీలమ్మ పక్కన నిలబడి ఒక్క అక్షరం తగ్గలేదు, ఆమెకూ ఈ సభ నుంచి దండం పెట్టాలి. ఆ తర్వాత కొద్ది నెలలకే 'మూగమనసులు'లో 'గోదారి గట్టుంది'. లవకుశులకు రామాయణం పాడించిన గొంతేనా ఇది అనిపిస్తుంది. పల్లవి నిండా టకారపు ఒత్తులే. ఇంటికెళ్లి వినండి. ఒక్కదాన్నీ గట్టిగా కొట్టరు. పిట్ట కొమ్మ మీద వాలి లేచినట్టు తాకి వదిలేస్తారు.

ఇక 'డాక్టర్ చక్రవర్తి'లో 'నీవు లేక వీణ'. సాలూరి రాజేశ్వరరావుగారి స్వరం. ఈ పాట నేను తరగతిలో పాఠంగా చెప్పాను. 'నీవు లేక వీణ పలుకలేనన్నది' అనే ఒకే పంక్తిలో ణకారం ఉంది, నకారం ఉంది, నకారానికి ఒత్తూ ఉంది. మా పిల్లలకు ణ పలకదు, 'వీన' అంటారు. టేప్‌రికార్డరు తీసుకెళ్లి పెట్టాను. "వీణ దగ్గర నాలుక ఎక్కడికి వెళ్లిందో చూడండ్రా" అన్నాను. నాలుగోసారి వేసేసరికి వెనక వరసలో ఒక పిల్లాడు కళ్లు మూసుకుని 'వీ...ణ' అన్నాడు. నాలుక వెనక్కి మడిచి, నిండుగా. క్లాసు మొత్తం అటు తిరిగింది. వాడి ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

'మేఘసందేశం' నాటికి ఆమెకు నలభై ఆరు దాటాయి. కృష్ణశాస్త్రిగారి 'ఆకులో ఆకునై' వినండి. వయసు ఎక్కడుంది అందులో? జయదేవుడి అష్టపదికి జాతీయ అవార్డు వచ్చింది ఆ సినిమాకే.

ఒక్క విషయం చెప్పి దిగిపోతాను. 2008లో తన పేరిట ట్రస్టు పెట్టి, ఇబ్బందుల్లో ఉన్న సంగీత కళాకారులకు ఆమె సాయం చేస్తున్నారు. వెనక నిలబడి వాయించినవాళ్ల పేర్లు రికార్డు అట్టల మీద ఉండవు. వాళ్లను మర్చిపోని గాయని మన ఊరి ఆడపడుచు.

ఇప్పుడు కళాశాల అమ్మాయి 'నీవు లేక వీణ' పాడుతుంది. ఇందాకటి నుంచి చూస్తున్నాను, ఆ మూల నిలబడి పెదాలు కదుపుతూ అక్షరాలు సరిచూసుకుంటోంది. రామ్మా, ఇదిగో మైకు.