పంటు ఎక్కే ముందు షట్టర్ స్పీడ్ సరిచూసుకుందాం

నమస్కారమండీ. సఖినేటిపల్లి రేవులో ఉన్నాను. ఎదురుగా వశిష్ఠ గోదావరి, అవతల నరసాపురం. పంటు, అంటే జనాన్ని, బండ్లని రేవు దాటించే పడవ, వచ్చేలోపు, ట్రైపాడ్ లేకుండా చేత్తో తీసిన ఫొటో షార్ప్‌గా రావాలంటే షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ తెరిచి ఉండే సమయం, ఎంత పెట్టాలో చెప్తాను.

నిన్న సాయంత్రం తీసిన ఈ ఫొటో చూడండి. విసురు వల గాలిలో గుండ్రంగా విచ్చుకుంది. ఇంత మంచి క్షణం పాడైపోయిందే అని రాత్రంతా బాధే. జూమ్ చేస్తున్నాను... వల చెదిరింది. వెనక కొబ్బరిచెట్లు చూడండి, మొవ్వు, మాను అన్నీ ఒకే వైపు సాగాయి. కదలని మాను కూడా సాగిందంటే వణికింది నా చెయ్యే. చెట్లు కుదురుగా ఉండి వల ఒక్కటే చెదిరితే, వల వేగానికి స్పీడ్ చాలలేదని. తప్పు ఎక్కడుందో ఇలా చూసుకున్నాకే డయల్ తిప్పండి.

చేతి వణుకుకి పాత లెక్క ఒకటుంది. 50 ఎంఎం లెన్స్‌కి కనీసం 1/50 సెకను, 200కి 1/200. నా కెమెరాది ఏపీఎస్-సీ సెన్సర్, ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది, కాబట్టి ఒకటిన్నరతో గుణించాలి. 200 కాస్తా 300 అవుతుంది, డయల్‌లో 1/320 పెట్టాలి. స్పీడ్ పెంచితే వెలుతురు తగ్గుతుంది, దాన్ని ఐఎస్ఓతో, అంటే కెమెరా సెన్సిటివిటీతో, సర్దుకోవాలి. నిన్న అది పెంచితే గ్రెయిన్, అంటే ఫొటోలో చుక్కలు, వస్తుందని భయపడి 1/80 దగ్గరే ఉండిపోయాను. గ్రెయిన్ వచ్చినా ఫొటో మిగులుతుందండీ, చెదిరితే ఏం చేసినా బాగుపడదు.

లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంటే? మూడు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కి సమయం రెట్టింపు) కలిసొచ్చినా 1/320 బదులు 1/40కి దిగొచ్చు. అది చెట్లకి, గుడి గోపురానికి. వలకి పనికిరాదు, ఎందుకంటే అది సర్దేది మన చేతి వణుకునే. వల విసిరేటప్పుడు నేను 1/1000తో మొదలుపెడతాను. స్పీడ్ మనమే పెట్టుకునే ఎస్ మోడ్, కెనాన్‌లో దాని పేరు టీవీ, ఐఎస్ఓ ఆటోలో.

ఇక పంటు మీద. ఇంజిన్ నడుస్తుంటే రెయిలింగ్ మీద చెయ్యి పెట్టి చూడండి, జివ్వుమని అదురుతుంది. అక్కడ మోచెయ్యి ఆనించారంటే ఆ అదురంతా కెమెరాలోకే. మోకాళ్లు కొంచెం వంచి, మోచేతులు డొక్కలకి ఆనించి, ఊపిరి వదిలి మెల్లగా నొక్కండి. వరసగా మూడు తియ్యండి. వేలు నొక్కిన కుదుపు మొదటిదానికే తగులుతుంది, నాకు తరచు రెండోదే బాగా వస్తుంది.

అదిగో, పంటు వచ్చేస్తోంది. 1/500 పెట్టుకున్నాను, పదండి ఎక్కుదాం.