బూట్‌క్యాంపా, డిగ్రీయా: హారం అడగని లెక్క

అందరికీ నమస్కారం.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి నాలుగేళ్ల కంప్యూటర్ సైన్స్ డిగ్రీ మేలా, కొన్ని నెలల్లో కోడింగ్ నేర్పే బూట్‌క్యాంప్ మేలా అనే విషయం మీద మాట్లాడమని పిలిచినప్పుడు నిర్వాహకులు ఒక కండిషన్ పెట్టారు. "అదీ మంచిదే, ఇదీ మంచిదే అని చెప్పి వెళ్లిపోవద్దు, ఏదో ఒకటి తేల్చి చెప్పండి" అన్నారు. సరే, ముందే చెప్పేస్తాను. పద్దెనిమిదేళ్ల వయసులో, చేతిలో ఇంకే చదువూ లేనప్పుడు, డిగ్రీకే వెళ్లమంటాను. ఇప్పటికే ఏదో ఒక డిగ్రీ ఉండి, నాలుగేళ్లు ఉద్యోగం చేసి, లైన్ మార్చుకోవాలనుకుంటే బూట్‌క్యాంప్ గురించి ఆలోచించవచ్చు. అప్పు చేసి మాత్రం వద్దు. ఎందుకిలా అంటున్నానో ఇప్పుడు చెబుతాను.

యూనివర్సిటీల్లో ఈ చదువు పాతదే. కేంబ్రిడ్జ్‌లో కంప్యూటర్ల మీద డిప్లొమా 1953లో మొదలైంది. అమెరికాలో మొదటి కంప్యూటర్ సైన్స్ శాఖ పర్డ్యూ యూనివర్సిటీలో 1962లో పెట్టారు. బూట్‌క్యాంప్‌ల వయసు అందులో నాలుగో వంతు కూడా లేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో డెవ్ బూట్‌క్యాంప్ 2012లో తెరిచారు. అప్పట్లో స్టార్టప్‌లకు వెబ్‌సైట్లు కట్టే రూబీ ఆన్ రైల్స్ అనే టూల్‌తో కోడ్ రాయగల మనుషులు ఎంతమంది దొరికినా చాలేవాళ్లు కాదు. అందుకని మూడు నాలుగు నెలల పాటు పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చోబెట్టి, వెబ్‌సైట్లు కట్టడం ఒక్కటే నేర్పి బయటికి పంపేవాళ్లు. బయట ఉద్యోగాలు ఉన్నాయి కాబట్టి అది నడిచింది. ఆ డెవ్ బూట్‌క్యాంపే 2017లో మూతపడింది. అదే ఏడాది ది ఐరన్ యార్డ్ అనే ఇంకో పెద్ద సంస్థ కూడా మూసేసింది.

ఫీజు సంగతి త్వరగా ముగిద్దాం, ఎందుకంటే అందరూ అక్కడే ఆగిపోతారు. అమెరికాలో బూట్‌క్యాంప్‌కు మామూలుగా 13, 14 వేల డాలర్లు తీసుకుంటారు, కోర్సు మూడున్నర నెలలు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో సొంత రాష్ట్రం విద్యార్థికి ఒక్క ఏడాది ట్యూషన్ ఫీజే 11 వేల డాలర్ల పైన ఉంటుంది. దాన్ని నాలుగుతో గుణించి "చూశారా, మూడో వంతుకే అయిపోయింది" అంటారు. ఆ గుణకారంలో తప్పు లేదు. కానీ ఆ రెండు ఫీజులకూ వచ్చేది ఒకటే వస్తువు కాదు.

అసలు ఖర్చు ఫీజులో ఉండదు, పోగొట్టుకునే జీతంలో ఉంటుంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడు నాలుగేళ్లు కాలేజీలో కూర్చుంటే పోయే జీతం తక్కువే, ఎందుకంటే ఆ వయసులో అతనికి వచ్చే ఉద్యోగం చిన్నదే. ముప్పై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, నాలుగేళ్లు జీతం మానేసి డిగ్రీ చదవడం అయ్యే పని కాదు. ఆమెకు నాలుగు నెలల కోర్సు ఒక దారే. అయితే ఆమె లెక్కలో కోర్సు నడిచే నాలుగు నెలలే ఉంటాయి, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కునే నెలలు ఉండవు. నాలుగు నెలల కోర్సు తర్వాత మరో ఆరు నెలలు వెతకాల్సి వస్తే, పది నెలల జీతం పోయినట్టు. ఫీజు దానికి అదనం. సేవింగ్స్ చూసుకునేటప్పుడు ఆ పది నెలలకు చూసుకోవాలి. కోర్సు అయిపోయిన రెండో నెలకే చేతిలో డబ్బు ఐపోతే, ఆ టెన్షన్‌లో ఇంటర్వ్యూకి వెళ్లడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్కూల్లో భిన్నాలు నేర్చుకున్నాం కదా, పైన లవం, కింద హారం. ప్లేస్‌మెంట్ ప్రకటనల్లో లవం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. హారం, అంటే మొత్తం ఎంతమందిలో అన్నది, ఎక్కడా కనపడదు.

ఒక ఉదాహరణ. ఫ్లాటైరన్ స్కూల్ న్యూయార్క్‌లో పేరున్న బూట్‌క్యాంప్. తమ దగ్గర చదివినవాళ్లలో 98.5 శాతానికి ఉద్యోగాలు వచ్చాయని, సగటు జీతం 74,447 డాలర్లని ప్రకటించుకుంది. న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆఫీసు ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆ 98.5లో అప్రెంటిస్‌లు, కాంట్రాక్టు పనులు చేసుకునేవాళ్లు, ఫ్రీలాన్సర్లు కూడా ఉన్నారు. సగటు జీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఫుల్‌టైమ్ ఉద్యోగులనే లెక్కేశారు. అంటే ఉద్యోగాల లెక్కకు ఒక గుంపు, జీతాల లెక్కకు ఇంకో గుంపు. 2017లో 3,75,000 డాలర్లు కట్టి ఆ కేసు పరిష్కరించుకున్నారు.

ఇంకోటి మరీ విచిత్రం. లాంబ్డా స్కూల్ అని 2017లో వచ్చింది, తర్వాత బ్లూమ్‌టెక్ అని పేరు మార్చుకుంది. "ముందు ఒక్క పైసా కట్టొద్దు, ఉద్యోగం వచ్చాక జీతంలో వాటా ఇవ్వండి" అనేది దాని ఆకర్షణ. ఏడాదికి 50 వేల డాలర్లకు పైగా సంపాదిస్తే రెండేళ్లపాటు జీతంలో 17 శాతం, మొత్తం 30 వేలు దాటకుండా. వినడానికి న్యాయంగానే ఉంది, మీకు ఉద్యోగం రాకపోతే వాళ్లకూ డబ్బు రాదు కదా అనిపిస్తుంది. 2024లో అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ దాని మీద చర్య తీసుకుంది. బయట 71 నుంచి 86 శాతం ప్లేస్‌మెంట్ అని చెప్పారు, పెట్టుబడిదారులకు ఇచ్చిన లెక్కల్లో అది 50 దగ్గర ఉంది, ఒక్కోసారి 30కి కూడా పడింది. ఒక బ్యాచ్‌లో నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అని ట్విట్టర్‌లో పెట్టారు. ఆ లెక్క ఎంతమంది మీద వేశారని చూస్తే, ఒక్కరు! నవ్వొస్తుంది గానీ, ఆ పోస్టు చూసి సంతకం పెట్టినవాళ్లకు నవ్వు రాదు. పైగా ఆ వాటా ఒప్పందం అప్పు కాదని చెప్పి చేర్చుకున్నారు. అది అప్పేనని, అందులో సగటున 4,000 డాలర్ల ఫైనాన్స్ చార్జీ దాగి ఉందని ఆ రక్షణ సంస్థ తేల్చింది.

ఈ మోసాలు లేని నిజాయితీ గల బూట్‌క్యాంప్‌లు కూడా ఉన్నాయి, నేను కాదనను. వాటి విషయంలోనూ హారంలో ఇంకో చిక్కు ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది అదే. అమెరికాలో బూట్‌క్యాంప్‌ల్లో చేరినవాళ్లలో ఎక్కువమందికి అప్పటికే డిగ్రీ ఉంది, కొన్నేళ్ల ఉద్యోగ అనుభవం ఉంది. లెక్కల టీచరు, అకౌంటెంటు, మెకానికల్ ఇంజనీరు, ఇలాంటివాళ్లు. వాళ్లు కోడింగ్ నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకుంటే, ఆ విజయంలో నాలుగు నెలల కోర్సు వాటా ఎంత, అంతకుముందు పదేళ్ల చదువూ పనీ వాటా ఎంత? బూట్‌క్యాంప్ పోస్టర్ మీద ఫొటో వాళ్లది. ఆ పోస్టర్ చూసి డిగ్రీ మానేసి చేరేది మాత్రం ఇంటర్ పాసైన కుర్రాడు.

కంపెనీలు డిగ్రీ అడగడం మానేశాయి కదా అంటారు. ప్రకటనల్లో చాలా కంపెనీలు మానేశాయి, నిజమే. హార్వర్డ్ బిజినెస్ స్కూల్, బర్నింగ్ గ్లాస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ మార్పు వల్ల డిగ్రీ లేనివాళ్లకు అదనంగా దక్కిన అవకాశం ఏడాది నియామకాల్లో 700కి ఒకటి కన్నా తక్కువ. ప్రకటన మారింది గానీ రెజ్యూమెలు ఏరే మనిషి అలవాటు మారలేదు. 1973లోనే మైఖేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త దీనికి కారణం చెప్పాడు. ఎదుటి మనిషి సత్తా ఎంతో యజమానికి ముందుగా తెలియదు, కాబట్టి తెచ్చుకోవడానికి కష్టపడాల్సిన ఏదో ఒక గుర్తు చూసి నమ్ముతాడు. డిగ్రీ అలాంటి గుర్తు. ఆ వాదనకు తర్వాత నోబెల్ కూడా వచ్చింది. ఉద్యోగం ఒక్కటే కాదు, పై చదువుకైనా, వేరే దేశంలో వర్క్ వీసాకైనా డిగ్రీ అడిగే చోట్లు బోలెడు. అమెరికా హెచ్1బీ వీసాకు బ్యాచిలర్స్ డిగ్రీ గానీ దానికి సమానమైనది గానీ ఉండాలి. నాలుగు నెలల సర్టిఫికెట్ ఒక్కటే అక్కడ పనికిరాదు.

అలాగని యూనివర్సిటీలకు దండం పెట్టి కూర్చోమనడం లేదు. హారం అక్కడ కూడా అడగాలి. అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీలో చేరినవాళ్లలో ఆరేళ్లలో పూర్తిచేసేది పదిమందిలో ఆరుగురు, కాస్త అటూఇటూ. మిగతావాళ్లకు ఫీజు అప్పు ఉంటుంది, డిగ్రీ ఉండదు. ఇక పరీక్షకు ముందురోజు రాత్రి గైడు చదివి పాసయ్యే డిగ్రీ ఎంతమందిదో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. పేరుకు ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టు ఉంటుంది, ప్రాసెస్‌కూ థ్రెడ్‌కూ తేడా అడిగితే నోరు పెగలదు.

చదవాల్సినట్టు చదివితే మాత్రం ఆ సబ్జెక్టులకు ఎక్స్‌పైరీ డేట్ లేదు. డేటాను పట్టికలుగా పెట్టే రిలేషనల్ మోడల్ గురించి ఎడ్గర్ కాడ్ అనే శాస్త్రవేత్త రాసింది 1970లో, ఈరోజు బ్యాంకుల డేటాబేస్‌లు దాని మీదే నడుస్తున్నాయి. డైక్‌స్ట్రా అనే శాస్త్రవేత్త చెప్పిన, అతి దగ్గరి దారి వెతికే పద్ధతి 1959లో అచ్చయింది, ఇప్పటికీ పాఠం అదే. బూట్‌క్యాంప్ సిలబస్‌లో ఒకప్పుడు వెలిగిన యాంగ్యులర్‌జేఎస్ అనే వెబ్‌పేజీల టూల్ 2010లో వచ్చింది, 2021 ఆఖరుకి దానికి సపోర్ట్ ఆపేశారు. పనిముట్టు నేర్చుకోవడం తప్పు కాదు, మొదటి ఉద్యోగం తెచ్చేది అదే. రెండో ఉద్యోగానికి, అయిదో ఉద్యోగానికి కింద పునాది కావాలి.

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ఈ తేడా ఇంకా పెరిగిందని నా అంచనా. ఒక ఫారమ్, ఒక లాగిన్ పేజీ, ఒక చిన్న వెబ్‌సైట్ కట్టడం బూట్‌క్యాంప్‌లు బాగా నేర్పే పనులు. కోడ్ రాసే ఏఐ టూల్స్ బాగా చేసేవీ అవే. టూల్ ఇచ్చిన కోడ్ ఎక్కడ తప్పిందో పట్టుకోగలవాళ్లకే ఇప్పుడు గిరాకీ. పెద్ద పేర్ల బూట్‌క్యాంప్‌ల సంగతి కూడా చూడండి. 2యూ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీ ట్రైలజీ అనే బూట్‌క్యాంప్ సంస్థను 2019లో 75 కోట్ల డాలర్లు పెట్టి కొంది. పెద్ద పెద్ద యూనివర్సిటీల పేరు మీద ఆ కోర్సులు నడిచేవి. సర్టిఫికెట్ మీద యూనివర్సిటీ పేరు, పాఠం చెప్పేది ఈ కంపెనీ మనుషులు. 2024 డిసెంబర్‌లో ఆ బూట్‌క్యాంప్‌లు ఇక నడపబోమని 2యూ చెప్పేసింది. కాబట్టి సర్టిఫికెట్ మీద పెద్ద పేరు చూసి పడిపోకండి, క్లాసు ఎవరు తీసుకుంటారో కనుక్కోండి.

డబ్బు కట్టక ముందు చేయగల పని ఒకటుంది. కంప్యూటర్ సైన్స్ మొదటి పాఠాలు చెప్పే హార్వర్డ్ వాళ్ల సీఎస్50 కోర్సు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అది రెండు నెలలు ఎవరూ తరమకుండా మీ అంతట మీరు చేయగలిగితే, మీకు ఈ పని నచ్చుతుందో లేదో పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. మూడో వారంలోనే వదిలేస్తే, ఫీజు కట్టినా అక్కడే ఆగేవాళ్లు. డిగ్రీ ఉండి కంప్యూటర్ సైన్స్ లోతుగా కావాలనుకునేవాళ్లు జార్జియా టెక్ ఆన్‌లైన్ మాస్టర్స్ కూడా చూడండి. 2014 నుంచి నడుస్తోంది, మొత్తం కోర్సు ఖర్చు సుమారు 7 వేల డాలర్లు. బూట్‌క్యాంప్ ఫీజులో సగానికి మాస్టర్స్ డిగ్రీ, ఉద్యోగం మానకుండా.

అయినా బూట్‌క్యాంపే అనుకుంటే, కౌన్సెలర్‌ను మొహమాటపడకుండా అడగండి. బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, ఆరు నెలల్లో ఫుల్‌టైమ్ ఉద్యోగం ఎంతమందికి వచ్చింది, అందులో ముందే డిగ్రీ ఉన్నవాళ్లెందరు. మీ దగ్గరే ట్యూటర్లుగా పెట్టుకున్నవాళ్లను కూడా ఉద్యోగాల్లో కలిపారా అని కూడా అడగండి. "మా ప్లేస్‌మెంట్స్ చాలా బాగుంటాయండి" అనేది జవాబు కాదు. అంకెలు రాతపూర్వకంగా ఇవ్వమనండి. రెండు వారాల తర్వాత మానేస్తే ఎంత వెనక్కిస్తారో ఒప్పందంలో ఏ పేజీలో ఉందో చూపించమనండి, ఆ పేజీ చదివాకే సంతకం పెట్టండి.

నాకిచ్చిన టైమ్ అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి, మైకు వెనక వరుసల నుంచి మొదలుపెడదాం.